బుగ్గ అంచున నా టోపీ

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో గడిపిన మూడు రోజుల్లో రెండున్నర రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి చిమ్ముబుగ్గ తన వేళకు ఎగసింది, బైసన్ల మంద దారికి అడ్డం నిలిచింది, కారుకు 35 డాలర్ల ప్రవేశ రుసుము కట్టి లోపలికి వచ్చాక కూడా దాన్ని నిలపడానికి చోటు కోసం ముప్పావు గంట తిరగవలసి రావడంతో నేను తగినంత సణిగాను. మిగిలిన ఆ పూట మాత్రం నా టోపీది.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నుంచి మార్నింగ్ గ్లోరీ అనే వేడినీటి బుగ్గ దాకా సుమారు ఒకటిన్నర మైళ్ల నడక. దారి పొడవునా మా మేనల్లుడు జేబులోని పెన్నీని, అంటే ఒక సెంటు నాణేన్ని, వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాడు. పన్నెండేళ్ల పిల్లవాడు నీళ్ల దగ్గరకు వెళ్తూ నాణెం చేతిలోకి తీసుకున్నాడంటే అది ఎక్కడ తేలుతుందో, లేదా మునుగుతుందో, ఊహించడం కష్టం కాదు కనుక, 1950లో ఆ బుగ్గను శుభ్రం చేసిన కథ ఎత్తుకున్నాను. పార్కు సిబ్బంది నీటిమట్టాన్ని తగ్గించి, బుగ్గ తనంతట తానే పొంగి లోపలున్నదంతా బయటకు కక్కేలా చేశారు. బయటపడిన వాటిలో పెన్నీలే 86 డాలర్ల 27 సెంట్ల విలువైనవి, అంటే 8,627 నాణేలు. వాటితో పాటు సీసాలు, డబ్బాలు, తువ్వాళ్లు, 76 చేతిరుమాళ్లు కూడా వచ్చాయి. వేసిన ప్రతివాడూ తనది ఒక్కటే కదా అనుకొని ఉంటాడని నేను కొంత గంభీరంగానే ముగించాను. వాడు నాణేన్ని జేబులోకి తోసేశాడు. నా ఉపన్యాసం మీద నాకు గౌరవం పెరిగింది.

ఈ బుగ్గకు ఒక నీలిపువ్వు పేరు పెట్టారు గానీ, ఇప్పుడు చూస్తే నడుమ ఆకుపచ్చ, చుట్టూ పసుపు, అంచున నారింజ రంగులు కనిపిస్తాయి. లోతైన స్వచ్ఛమైన నీరు వెలుగులోని ఎరుపును పీల్చుకొని నీలంగా కనిపిస్తుంది. పసుపు, నారింజ రంగులు వేడిని ఓర్చుకొనే సూక్ష్మజీవులవి. నడుమ నీరు మరీ వేడిగా ఉన్నంతకాలం అవి ఒడ్డునే ఆగిపోతాయి. అడుగున వేడినీరు వచ్చే రంధ్రానికి నాణేలూ రాళ్లూ అడ్డుపడితే ఊట మందగించి నీరు చల్లబడుతుంది, అప్పుడు ఆ రంగులు లోపలికి జరుగుతాయి. ఒకప్పుడు కార్ల దారి ఈ బుగ్గ పక్కనుంచే పోయేదట. నిలిచిన ప్రతి కారు నుంచీ ఏదో ఒకటి ఇందులోకి చేరి ఉంటుంది. అంత అందమైన రంగులను చూస్తూ అది జబ్బు తాలూకు రంగని తెలుసుకోవడం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఫొటో కోసం నేను కమ్మీ మీదికి వంగిన క్షణంలోనే గాలి వీచింది. టోపీ నా తల మీంచి లేచి, ఆవిరిలో ఒక గిరికీ కొట్టి, రెండు బారల దూరంలో నారింజ రంగు పొర మీద బోర్లా పడింది.

"మామయ్యా, నువ్వూ వేసేశావు" అన్నాడు మేనల్లుడు.

చుట్టూ ఉన్నవాళ్లు టోపీని చూసి, ఆ తరువాత నా బోడితలను చూశారు. చేయి చాచితే అందేటట్టే ఉన్నా అందదు. చెక్కబాట దిగడం నేరం, పైగా ప్రాణాపాయం. పైకి గట్టిగా కనిపించే పెచ్చు కింద మరిగే నీరుంటుంది, ఈ పార్కులో ఇలాంటి నీటిలో కాలి 20 మందికి పైగా చనిపోయారు. నా పక్కన నిలబడిన ముసలావిడ తన టోపీని ముందే తీసి చంకలో పెట్టుకుంది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తిరిగి ఒకటిన్నర మైళ్లు, మండే ఎండలో, బోడితలతో నడిచి సందర్శకుల కేంద్రంలో చెప్పాను. అక్కడి రేంజరు మందలిస్తాడనుకున్నాను గానీ, అతను పటం నా ముందుకు జరిపి, ఏ వైపున పడింది, నీటిలోనా పొర మీదా, ఏ రంగుది అని మాత్రమే అడిగాడు. గాలికి పోయే టోపీలు ఇక్కడ కొత్త కాదని, పొడవాటి కర్రతో తీస్తామని చెప్పాడు. ఆ పొర మురికి కాదని, జీవులే ఒకదాని మీద ఒకటి పేరుకొని అలా తయారైందని కూడా వివరించాడు. ఈ పార్కులోని మరో బుగ్గలో 1966లో శాస్త్రవేత్త థామస్ బ్రాక్ బృందం సేకరించిన బాక్టీరియా నుంచే తరువాత డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పరీక్షల్లో వాడే ఎంజైము వచ్చిందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. అలాంటి వాటి నెత్తిన నా టోపీ కూర్చుంది.

మరునాడు బయలుదేరే ముందు, కాళ్లు నొప్పులని మా మేనల్లుడు గొణుగుతున్నా వినకుండా మళ్లీ అక్కడి దాకా నడిపించాను. టోపీ లేదు. అది పడిన చోట, నారింజ రంగు పొర లేచిపోయి, అరచేయంత బూడిదరంగు మచ్చ మిగిలింది.