తెలుగు అక్షరాన్ని కదిలించేటప్పుడు

సినిమా పాటల లిరికల్ వీడియోలు ఓ పది వరసగా చూడండి. పాట తెలుగు, గొంతులో పలుకు తెలుగు, తెర మీద సాహిత్యం మాత్రం చాలాసార్లు ఇంగ్లీషు లిపిలో ఉంటుంది. తెలుగు చదవలేని శ్రోతల కోసం అనేది ఒక కారణం. రెండో కారణం ఎడిటింగ్ టేబుల్ దగ్గరే ఉందని నా నమ్మకం. ఇంగ్లీషు వాక్యానికి రెడీమేడ్ ప్రీసెట్ (ముందే కట్టిపెట్టిన కదలిక) ఒకటి తగిలిస్తే అక్షరాలు ఒకదాని వెనక ఒకటి చక్కగా వచ్చి నిలబడతాయి. అదే ప్రీసెట్ తెలుగుకు తగిలిస్తే గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట, మధ్యలో పొల్లు తేలుతూ కనిపిస్తాయి. రేపే అప్‌లోడ్ అన్నప్పుడు లిపి మార్చేయడమే తేలిక. అయితే ఈ చిక్కు విప్పలేనిది కాదు. ముందు అది ఎక్కడ పడుతుందో తెలియాలి.

సాఫ్ట్‌వేర్ దృష్టిలో క్యారెక్టర్ వేరు, మన దృష్టిలో అక్షరం వేరు. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘తెలుగు’ మనకు మూడు అక్షరాలు, అక్కడ ఆరు కోడ్‌లు. ప్రీసెట్ కదిపేది కోడ్‌లనో, ఫాంట్‌లోని గ్లిఫ్‌లనో (గీసిపెట్టిన ఆకారాలనో) తప్ప మన అక్షరాలను కాదు. మిగతా తలనొప్పులన్నీ ఈ ఒక్క తేడాలోంచే పుడతాయి.

మొట్టమొదట సరిచూడాల్సింది టెక్స్ట్ ఇంజిన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను పేర్చే భాగం. అక్షరాలను కదిలించడానికి వాడే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి, లాటిన్ బదులు సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ ఎంచుకుని, సాఫ్ట్‌వేర్ మూసి తెరవాలి. ఇది చేయకపోతే వత్తు కింద కూర్చోదు, ‘స్‌త్‌రీ’ అన్నట్టు పొల్లులు పక్కపక్కన పరుచుకుంటాయి. ఫాంట్ పాడైందనుకుని ఫాంట్లు మార్చుకుంటూ పూట గడిపేసేవాళ్లు ఎక్కువ. తప్పు ఫాంట్‌ది కాదు.

క్లయింట్ దగ్గర్నుంచి వచ్చే టెక్స్ట్ ఇంకో గండం. అది ‘అను’ అనే, యూనికోడ్ కాని ఫాంట్లలో టైప్ చేసింది అయితే, ఆ ఫాంట్ లేనిచోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తుల కలగాపులగంగా కనిపిస్తుంది. కన్వర్టర్‌లో యూనికోడ్‌కి మార్చాక కూడా అక్షరం అక్షరం సరిచూడాలి, అరసున్నలూ అరుదైన వత్తులూ తప్పిపోవడం మామూలే. యూనికోడ్‌లో వచ్చినా, ‘ఫ్రేమ్‌లు’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్‌జాయినర్ ఒకటి ఉంటుంది. కొన్ని యాప్‌ల మీదుగా కాపీ చేస్తే అది రాలిపోయి ‘ఫ్రేమ్లు’ అవుతుంది. యానిమేషన్ అంతా అయ్యాక ఇది బయటపడితే లేయర్లన్నీ మళ్లీ కట్టాలి. అందుకే టెక్స్ట్ ఖరారయ్యే దాకా ఒక్క కీఫ్రేమ్ (కదలికకు పెట్టే గుర్తు) కూడా పెట్టకపోవడం మంచిది.

ఇక కదలిక. టెక్స్ట్ యానిమేటర్‌లోని రేంజ్ సెలెక్టర్‌లో ‘బేస్డ్ ఆన్’ దగ్గర క్యారెక్టర్స్ ఉంటుంది. దాన్ని వర్డ్స్‌కి మార్చండి. మాట మొత్తం ఒక ముక్కగా కదులుతుంది కాబట్టి ఏదీ విరగదు. వార్తా ఛానల్ స్ట్రిప్‌కీ, వివరణ వీడియోలకీ ఇది చాలు. ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) యానిమేట్ చేయడం మాత్రం పూర్తిగా మానేయాలి. కొన్ని ఫాంట్లలో కొమ్ము, వత్తు వేరే గ్లిఫ్‌లుగా ఉంటాయి, ట్రాకింగ్ పెంచగానే అవి తల్లి అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతాయి.

టైప్‌రైటర్ ఎఫెక్ట్ అడగని క్లయింట్ అరుదు. మామూలు పద్ధతిలో వేస్తే ‘స్త్రీ’ వచ్చే క్రమం స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ. పొల్లు ఒక్క ఫ్రేమ్ పాటు మెరిసి పోతుంది, చూసేవాళ్లకు అది తప్పులానే కనిపిస్తుంది. దీనికి సులువైన మార్గం ఉంది. టెక్స్ట్ టైప్ చేసేటప్పుడే అక్షరానికీ అక్షరానికీ మధ్య నిలువు గీత పెట్టాలి: స్త్రీ|శ|క్తి. సోర్స్ టెక్స్ట్ మీద ఎక్స్‌ప్రెషన్ రాసి, స్ప్లిట్‌తో ఆ గీతల దగ్గర విడగొట్టి, స్లైస్‌తో మొదటి ఎన్ని అక్షరాలు కావాలో అన్నే తీసుకుని, మధ్యలో ఏమీ లేకుండా జాయిన్‌తో కలపాలి. ‘ఎన్ని’ అనే అంకె స్లైడర్ కంట్రోల్ నుంచి వస్తుంది, దాన్ని ఫ్లోర్ చేయడం (దశాంశం తీసేయడం) మర్చిపోవద్దు. తెర మీద గీతలు కనబడవు, అక్షరాలు నిండుగా ఒక్కొక్కటే దిగుతాయి. పేరాను సెంటర్ అలైన్ చేస్తే ప్రతి అక్షరానికీ లైను మొత్తం ఎడమకు జరుగుతుంది కనుక లెఫ్ట్ అలైన్ ఉంచి, లేయర్‌నే మధ్యకు జరపాలి.

అక్షరం అక్షరం విడిగా ఆడాలంటే షేపులుగా మార్చక తప్పదు. క్రియేట్ షేప్స్ ఫ్రమ్ టెక్స్ట్ కొట్టాక ‘క్తి’ రెండు గ్రూపులుగా రావచ్చు, గుడితో ఉన్న క ఒకటి, కింది తవత్తు ఒకటి. ఒక అక్షరానికి చెందిన గ్రూపులన్నిటినీ ఒకే లేయర్‌లో ఉంచి, అక్షరం పెరగడానికి ఇరుసుగా ఉండే యాంకర్ పాయింట్‌ను తల్లి అక్షరం కాలి దగ్గర, అంటే బేస్‌లైన్ మీద పెట్టండి. వదిలేస్తే సాఫ్ట్‌వేర్ వత్తును కూడా కలిపి మధ్య బిందువు లెక్కేస్తుంది. అప్పుడు వత్తున్న అక్షరం ఒక ఎత్తు నుంచి, వత్తు లేనిది ఇంకో ఎత్తు నుంచి పెరుగుతాయి, లైను అలలా ఊగుతుంది.

ఇక్కడే ఇంకో బోను ఉంది. చాలా వేరియబుల్ ఫాంట్లలో (మందం, వెడల్పు మార్చుకోగలిగేవాటిలో) అక్షర భాగాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ముంబైకి చెందిన ఏక్ టైప్ 2022లో విడుదల చేసిన అనేక్ కుటుంబంలోని అనేక్ తెలుగు నాకు చాలా ఇష్టమైన ఫాంట్. మందం 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా సాగుతుంది, లోయర్ థర్డ్‌లో (తెర కింది పేరు పట్టీలో) పొడుగు పేరు పట్టనప్పుడు వెడల్పు తగ్గిస్తే అక్షరాన్ని నొక్కి పాడుచేసే అవసరం ఉండదు. కానీ ఇలాంటి ఫాంట్‌ను షేపులుగా మార్చి అవుట్‌లైన్ స్ట్రోక్ ఇస్తే, భాగాలు కలిసేచోట గీతలు అక్షరం లోపల బయటపడొచ్చు. స్టాటిక్ వెర్షన్ వాడి చూడాలి, లేదా ఇల్లస్ట్రేటర్‌లో పాత్‌ఫైండర్ యునైట్ కొట్టి, భాగాలను ఒకటిగా కలిపి తెచ్చుకోవాలి.

విడివిడి ముక్కలు చేతికొచ్చాక ఆడుకోవాలనిపిస్తుంది. ఒక హద్దు చెబుతాను. గుడి, కొమ్ము లాంటివి తల్లి అక్షరం కంటే 2 ఫ్రేములకు మించి ఆలస్యంగా రాకూడదు. ‘పిలుపు’లో గుడి ఆలస్యమైతే ఆ కాసేపు తెర మీద ఉన్నది ‘పలుపు’, పశువును కట్టే తాడు. ఇంగ్లీషు ‘ఐ’ మీద చుక్క ఆలస్యంగా పడితే అందం, మన గుడి ఆలస్యమైతే అర్థమే మారుతుంది. వత్తుకు మాత్రం కొంత స్వేచ్ఛ ఉంది. తల్లి అక్షరం 40 పిక్సెళ్ల కింద నుంచి 10 ఫ్రేముల్లో వచ్చి ఆగితే, కింద వేలాడే వత్తు 2 ఫ్రేముల వెనకగా వచ్చి, 4 పిక్సెళ్లు దాటి, మళ్లీ 3 ఫ్రేముల్లో తన చోటికి చేరాలి. జూకాలా ఊగినట్టుంటుంది. వత్తులున్న లిపులకే దక్కే సొగసు ఇది.

లైన్ల మధ్య దూరం గురించి ఒక్క మాట. ఆటో లీడింగ్ 120 శాతం లాటిన్‌కు సరిపోతుంది. తెలుగులో పై లైను వత్తు, కింది లైను గుడి గుద్దుకుంటాయి, 150 శాతంతో మొదలుపెట్టండి. గీత వెనక నుంచి అక్షరాలు పైకి లేచే మ్యాట్ (ఏ భాగం కనబడాలో తేల్చే ముసుగు) యానిమేషన్ టెంప్లేట్లన్నీ లాటిన్ ఎత్తుకే కట్టినవి, వత్తుల కాళ్లు తెగుతాయి. మ్యాట్ ఎత్తును ‘హైదరాబాద్’, ‘రాష్ట్రీయ’ అనే రెండు మాటలు పెట్టి పరీక్షించాలి. ఐత్వం పైనా కిందా కూడా జాగా అడుగుతుంది, రెండోదానిలో ష కింద రెండు వత్తులు, పైన గుడిదీర్ఘం. ఈ రెండూ పట్టాయంటే దాదాపు ఏ మాటైనా పడుతుంది.

చేత్తో రాస్తున్నట్టు కనిపించే టైటిల్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే గుండ్రటి లిపికి ఇది అచ్చంగా నప్పే పని. అక్షరం అవుట్‌లైన్ మీద ట్రిమ్ పాత్స్ (గీతను కొద్దికొద్దిగా బయటపెట్టే ఎఫెక్ట్) వేస్తే అంచు చుట్టూ తీగ పాకుతుంది, రాత కాదు. రాతలా ఉండాలంటే, అక్షరం నడిమి గీత వెంట పెన్ టూల్‌తో కొత్త పాత్ గీయాలి. దానికి అక్షరం మందం కంటే 20 శాతం ఎక్కువ స్ట్రోక్, గుండ్రటి కొస ఇచ్చి, ట్రిమ్ పాత్స్ ఎండ్‌ను 0 నుంచి 100కి నడిపి, దాన్ని అసలు అక్షరానికి ఆల్ఫా మ్యాట్‌గా పెట్టాలి. తలకట్టు వేరే పాత్. ముందు అక్షరం ఒళ్లు, చేయి లేచినట్టు 2 ఫ్రేముల ఖాళీ, తర్వాత తలకట్టు 3 ఫ్రేముల్లో టక్కున పడాలి. తలకట్టుతో మొదలుపెడితే పలక మీద దిద్దిన ఎవరి చేతికైనా ఎబ్బెట్టుగా ఉంటుంది.

దీనిలో తప్పకుండా ఎదురయ్యేది లీకు. అ, ఇ, ఞ లాంటి చుట్లున్న అక్షరాల్లో గీత తనను తాను దాటేచోట, లావు స్ట్రోక్ పక్క భాగాన్ని కూడా ముందే బయటపెడుతుంది, ఇంకా కలం వెళ్లని చోట ఓ మరక కనిపిస్తుంది. స్ట్రోక్ సన్నం చేస్తే అంచులు తెగుతాయి. సరైన దారి, ఆ కూడలి దగ్గర అక్షరాన్ని రెండు లేయర్లుగా మాస్క్‌తో కోయడం. మొదటి ముక్కకు మొదటి పాత్, రెండోదానికి రెండోది. రెండు మాస్కులు 1 పిక్సెల్ ఒకదానిమీద ఒకటి ఎక్కాలి, లేదంటే సన్నటి వెంట్రుక గీత మిగులుతుంది. వేగం కూడా ఒకే తీరుగా ఉంచకండి. వంపులో చేయి నెమ్మదిస్తుంది, సాపు గీతలో పరుగెత్తుతుంది. మామూలు అక్షరానికి 8 నుంచి 10 ఫ్రేములు, చుట్లున్నదానికి 14 నుంచి 18 ఇస్తే 25 ఫ్రేముల వేగంలో చేతి నడక వస్తుంది.

ఇటీవల స్టూడియోలు ఇష్టపడుతున్న గరుకు పద్ధతి, ప్రతి బొమ్మనూ రెండేసి ఫ్రేములు నిలపడం. సెకనుకు 24 ఫ్రేముల కంప్‌లో (కంపోజిషన్‌లో) బొమ్మల వేగం తగ్గించే పోస్టరైజ్ టైమ్ ఎఫెక్ట్ 12 పెడితే సరిపోతుంది. టీవీ కోసం 25లో పనిచేస్తూ అదే 12 పెడితే, అక్కడక్కడా ఒక బొమ్మ మూడు ఫ్రేములు నిలిచి కదలిక తడబడుతుంది. అక్కడ 12.5 పెట్టాలి. కెమెరా కదులుతున్నప్పుడు అక్షరాలను రెండేసి ఫ్రేములు నిలిపితే అవి అదురుతాయి, కెమెరాను కూడా అదే లెక్కకు తేవాలి.

ఫ్రేమ్ రేటు పొరపాటు లిరికల్ వీడియోలో పాటతో పాటు పెరుగుతుంది. 24లో పెట్టిన కీఫ్రేములను ఫ్రేము అంకెలతోనే 25 కంప్‌లోకి తెస్తే, 4 నిమిషాల పాట చివరికి సాహిత్యం 9.6 సెకన్లు ముందుకు పరుగెత్తుతుంది. అది వెంటనే తెలిసిపోతుంది. దొరకనిది 23.976కీ 24కీ మధ్య తేడా. పల్లవిలో అంతా సరిగ్గా ఉంటుంది, చివరి చరణానికి 0.24 సెకను, అంటే దాదాపు 6 ఫ్రేములు జారిపోతుంది. అందుకే సింక్‌ను మొదటి లైనులో కాకుండా చివరి లైనులో సరిచూడాలి. మాట గొంతు కంటే 3 ఫ్రేములు ముందుగా తెర మీదకు వస్తేనే కంటికి కలిసినట్టుంటుంది. పాడుతున్న చోటుకు రంగు నింపే వైప్‌లో, రావత్తు ఎడమ నుంచి చుట్టుకొచ్చే ఫాంట్లలో ‘క్ర’ వత్తు ముందు రంగెక్కి అక్షరం తర్వాత ఎక్కుతుంది. వైప్‌ను ఏకధారగా కాక అక్షరానికో అంగగా నడిపించండి.

అవుట్‌పుట్ సంగతి క్లుప్తంగా. నల్ల నేపథ్యం మీద ఎర్రటి సన్నక్షరాలు హెచ్.264లో (వీడియోను కుదించే మామూలు పద్ధతిలో) మసకబారతాయి, రంగు సమాచారం పిక్సెల్ పిక్సెల్‌కూ నిల్వ ఉండదు కాబట్టి. ఎరుపును తెలుపు వైపు జరపడమో, అక్షరం మందం పెంచడమో చేయాలి. పారదర్శక లేయర్ ఇవ్వాలంటే ప్రోరెస్ 4444 ఫార్మాట్ వాడాలి. అంచు చుట్టూ నల్ల గీత కనిపిస్తే, స్ట్రెయిట్‌గా ఇచ్చిన ఆల్ఫాను (పారదర్శకత సమాచారాన్ని) ప్రీమల్టిప్లైడ్‌గా చదివారా, లేక తిరగేసి చదివారా అని చూడాలి. యాప్ కోసం లాటీ ఫైలు (యాప్‌లలో ఆడే తేలిక యానిమేషన్ ఫైలు) అడిగితే, తెలుగును లైవ్ టెక్స్ట్‌గా అసలు పంపకండి. చాలా ప్లేయర్లు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చుకుపోతాయి తప్ప వత్తులు కట్టవు. షేపులుగా మార్చి పంపాలి. మార్చే ముందు లైవ్ టెక్స్ట్ ఉన్న కంప్‌ను వేరే పేరుతో దాచి, వాడిన ఫాంట్ ఫైలును కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి. ఒక దీర్ఘం తప్పు పడిందని ఫోన్ వచ్చినప్పుడు తెరవాల్సింది ఆ కంప్‌నే.