టోక్యో జనాభా లెక్కలో మా అమ్మ

2020 సెప్టెంబరులో ఒక సాయంత్రం మా ఇంటర్‌కమ్ మోగింది. తెర మీద మాస్కు పెట్టుకున్న ఒక పెద్దాయన, మెడలో గుర్తింపు కార్డు. "జనాభా లెక్కల వాణ్ణండి. కరోనా కదా, తలుపు తీయక్కర్లేదు. ఇంట్లో ఎంతమంది ఉంటారో చెప్పండి, కాగితాలు పోస్టు డబ్బాలో వేసి వెళ్తాను" అన్నారు.

మా ఆయన, నేను, పాప. "ముగ్గురం" అనేశాను. ఆయన థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. వంటింట్లోంచి అమ్మ "ఎవరే?" అని అడిగింది. అప్పుడు తట్టింది, నేను అమ్మను లెక్కపెట్టలేదని.

మేముండేది టోక్యోలో ఎదొగావా వార్డు, నిషికసాయ్. జపాన్‌లో భారతీయులు ఎక్కువగా ఉండే చోటు ఇదే. 2000 ముందు వై2కే (కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీ సమస్య) పనులకు వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళతో మొదలై, ఇప్పుడు పార్కుకి వెళ్తే నాలుగు తెలుగు మాటలు వినపడకుండా ఉండవు. అమ్మ విజయవాడ నుంచి 2020 జనవరి చివర్లో వచ్చింది. పాపను చూసుకుంటూ మూడు నెలలుండి, ఏప్రిల్‌లో వెళ్ళిపోవాలి. మార్చి 23 నుంచి మన దేశం విదేశీ విమానాలు ఆపేసింది. తర్వాత విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయి కానీ, షుగరూ బీపీ ఉన్న మనిషిని ఒంటరిగా ఢిల్లీ మీదుగా పంపడానికి మాకు ధైర్యం చాలలేదు. ఇమిగ్రేషన్ వాళ్ళు విజిట్ వీసాను 90 రోజుల చొప్పున పొడిగిస్తూ వచ్చారు.

నేను ముగ్గురమని అనడానికి కారణం ఉంది. ఇక్కడ కాపురముండే వాళ్ళందరి పేర్లూ వార్డు ఆఫీసు రిజిస్టర్‌లో ఉంటాయి. విజిట్ మీద వచ్చిన వాళ్ళవి ఉండవు. ఆ వేసవిలో కరోనా సాయంగా మనిషికి లక్ష యెన్లు ఇచ్చినప్పుడు, ఏప్రిల్ 27 నాటికి రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళకే ఇచ్చారు. మా ముగ్గురికీ వచ్చింది, అమ్మకు రాలేదు. అమ్మ డబ్బు ఆశించే మనిషి కాదు. కానీ ఆ రోజు "నేను మీ లెక్కలో లేనుగా" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

కవర్లోని కాగితాలు సగమే అర్థమయ్యాయి. పక్క బ్లాకులో ఉండే అక్కకి ఫోన్ చేశాను. తెనాలి ఆవిడ, 2015 లెక్కల్లో కూడా ఫారం నింపింది. "రిజిస్టర్ వేరు, ఇది వేరు" అంది. "అక్టోబరు 1 నాటికి ఆ ఇంట్లో మూడు నెలలు ఉన్నా, ఉండబోతున్నా రాయాల్సిందే. ఏ దేశం వాళ్ళయినా సరే. విదేశీ దౌత్యాధికారులు, విదేశీ సైనికులు, వాళ్ళ కుటుంబాలు తప్ప అందరూ వస్తారు. పిన్నిగారు ఎనిమిది నెలలుగా ఇక్కడే ఉన్నారుగా, రాయి."

నా భయం వేరే. అమ్మ పేరు రాస్తే ఇమిగ్రేషన్ వాళ్ళకి తెలిసి, ఇంకా ఎందుకున్నారని అడుగుతారేమో? వీసా సక్రమంగానే ఉన్నా టెన్షన్ తప్పలేదు. కాగితం వెనక గోప్యత గురించి రాసింది మా ఆయన చదివి చెప్పారు: సేకరించిన వివరాలు గణాంకాలకే వాడాలి, లెక్కలవాళ్ళు బయటపెడితే శిక్ష, జవాబివ్వడం మన బాధ్యత. అయినా కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి, వచ్చీరాని జపనీస్‌లో అమ్మ సంగతంతా చెప్పాను. అవతల అమ్మాయి ఓపికగా విని, "అయితే మీరు నలుగురు. ఆన్‌లైన్‌లో నలుగురని నింపండి" అంది. ఫోన్ పెట్టేశాక కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ మాట వినడానికే ఫోన్ చేసినట్టనిపించింది.

ఆదివారం నలుగురం కంప్యూటర్ ముందు చేరాం. కవర్లోని ఐడీతో లాగిన్ అయ్యి, ఇంగ్లిష్ ఎంచుకున్నాం. కాగితం ఫారం ఒక్కోదాంట్లో నలుగురికి చోటుంటుంది. మాకు సరిగ్గా సరిపోయేది. అమ్మ వరసకి "ఇంటి యజమాని భార్య తల్లి లేక తండ్రి" అనే గడి ఉంది. సెప్టెంబరు చివరి వారంలో ఏం పని చేశారన్న ప్రశ్నకు "ఇంటిపని" పెట్టాం. చదువు దగ్గర అమ్మే చెప్పింది, "పదో తరగతి పాసయ్యానని రాయవే, ఫెయిలని రాసేవు."

ఐదేళ్ళ క్రితం ఎక్కడున్నారన్న ప్రశ్న దగ్గర ఆగాం. పెద్దవాళ్ళం ముగ్గురిదీ "విదేశం". పాపకి ఇంకా ఏడాదిన్నరే. ఐదేళ్ళ లోపు పిల్లలకైతే పుట్టాక మామూలుగా ఎక్కడున్నారో రాయాలట. పురుడు పుట్టింట్లోనే పోసుకున్నాను, ఐదో నెల దాకా పాప విజయవాడలోనే ఉంది. అదీ విదేశమే. ఏ ఊరివాళ్ళు ఏ ఊరికి వలసపోయారో ఈ ప్రశ్నతోనే తెలుస్తుంది. అక్క కవాసాకి నుంచి మారింది కాబట్టి ఆమె జవాబు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గీత గీస్తుంది. మా జవాబులు మాత్రం దేశం బయటినుంచి వచ్చిపడినవి.

మా ఆయన పనిచేసే చోటు అడిగారు. ఒతెమాచి, చియోదా వార్డు. ఎందుకడుగుతారో అప్పుడు తెలియలేదు. తర్వాత చూస్తే, చియోదాలో రాత్రి నిద్రపోయేవాళ్ళు 66,680 మంది. పగలు అక్కడుండేవాళ్ళు 8 లక్షలు దాటతారు. మా తోజాయ్ మెట్రో లైన్‌లో పొద్దున నలిగిపోతూ వెళ్ళేవాళ్ళంతా ఆ లెక్కలో ఉన్నారన్నమాట. మా ఆయన రాత్రికి ఎదొగావా మనిషి, పగటికి చియోదా మనిషి.

"సమర్పించు" బటన్ అమ్మ చేత నొక్కించాను.

డిసెంబరులో అమ్మ క్షేమంగా ఇంటికి చేరింది. తుది లెక్కలు 2021 నవంబరు 30న వచ్చాయి. జపాన్ మొత్తం 12,61,46,099. ఐదేళ్ళలో 9 లక్షలకు పైగా తగ్గారు. మా ఎదొగావా వార్డు 6,97,932. ఆ అంకె చూడగానే అమ్మకి వీడియో కాల్ చేశాను.

"మరి టోక్యో మొత్తం ఎంత?" అంది. మామూలు ప్రశ్నే కానీ ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. చట్టప్రకారం టోక్యో అనే నగరపాలక సంస్థ 1943 నుంచి లేదు. దాన్ని టోక్యో జిల్లాలో కలిపేసి ఒకే పాలన పెట్టారు. పాత నగరం ఉన్నచోట ఇప్పుడు 23 వార్డులు, వాటి జనం 97,33,276. పడమటి ఊళ్ళూ దీవులూ కలిపిన టోక్యో పాలనా ప్రాంతం 1,40,47,594. పక్కనున్న కనగావా, సైతామా, చిబా కలిపితే 3 కోట్ల 69 లక్షలు. వార్తల్లో ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పేది అందుకే. ఇక "నగరం" అని పేరున్న వాటిలో పెద్దది 37,77,491 మందితో యొకొహామా. తర్వాత ఒసాకా, 27,52,412.

ఈ సరిహద్దు గీతల సంగతి నాకు బాగా పట్టుకుంది. 1920లో మొదటిసారి లెక్కపెట్టినప్పుడు టోక్యోదే మొదటి స్థానం. 1923 భూకంపంలో టోక్యో కూలిపోయింది, 1925లో ఒసాకా చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకుంది. ఆ ఏడాది లెక్కల్లో ఒసాకా మొదటికొచ్చింది. 1932లో టోక్యో కూడా శివార్లను కలుపుకొని మళ్ళీ ముందుకు పోయింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, సరిహద్దు వాళ్ళ మీదుగా జరిగింది. అలా జరపలేని ఊళ్ళ గతి వేరు. హొక్కైదో దీవిలోని యుబారిలో బొగ్గు గనులున్న 1960లో లక్షా 16 వేల మందికి పైగా ఉండేవారు. 2020లో ఏడు వేల చిల్లర. కొత్తగా నగరం కావాలంటే 50,000 మంది ఉండాలని రూలు, కానీ ఒకసారి నగరమయ్యాక జనం తగ్గారని హోదా తీసేయరు. కేంద్రం పంచే డబ్బు లెక్కల్లో మాత్రం ఈ జనసంఖ్య ముఖ్యం. అలాంటి ఊళ్ళో ఒక్క మనిషిని వదిలేస్తే ఎంత నష్టమో ఆలోచిస్తే, ఇంటర్‌కమ్‌లో నేను తొందరపడి చెప్పిన "ముగ్గురం" గుర్తొస్తుంది.

అమ్మ ఇవన్నీ ఓపికగా వింది. "ఆరు లక్షల తొంభై ఏడు వేల తొమ్మిది వందల ముప్పై రెండు" అని ఒకసారి పైకి చదువుకుని, అందులో తనూ ఉన్నట్టేనా అని మళ్ళీ అడిగింది. ఉన్నావమ్మా అన్నాను. వంటగది గోడకున్న క్యాలెండర్ మీద ఆ అంకె రాసుకుంది.

"మరి బెజవాడలో మన ఇల్లెప్పుడు లెక్కపెడతారు?" అంది తర్వాత. అప్పటికి మన దగ్గర చివరిసారి లెక్కపెట్టింది 2011లో. విజయవాడ అప్పటికే 10 లక్షలు దాటింది. 2020 ఏప్రిల్లో మొదలవ్వాల్సిన ఇళ్ళ లెక్క కరోనాతో ఆగిపోయింది. ఇంకా తేదీ చెప్పలేదమ్మా అన్నాను. "వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉంటాలే" అని ఫోన్ పెట్టేసింది.