ఇంట్లో వసపిట్ట, బడిలో మౌనం

గొడవ చేసే పిల్లాడి మీద ఇంటికి వెంటనే కబురొస్తుంది. బడిలో నోరు విప్పని పిల్లకి "బుద్ధిమంతురాలు" అని మార్కులు పడతాయి. ఇంట్లో వసపిట్టలా వాగుతుంది కాబట్టి అమ్మానాన్నలకీ అనుమానం రాదు.

కొత్త బడిలో మొదటి నెల బిగుసుకుపోవడం మామూలే. ఆ తర్వాతా అంతే అయితే టీచరూ ఇంటివాళ్లూ కలిసి కూర్చోవాలి. "ఎవరితోనూ కలవదండీ" అంటే సరిపోదు. ఇంటర్వెల్‌లో ఎక్కడ నిలబడుతోంది, ఎవరి పక్కనైతే కాస్త తేలికపడుతోంది, బాత్రూమ్‌కి వెళ్తానని అడగగలుగుతోందా? ఇవి తెలియాలి. వినికిడి పరీక్ష చేయించడం, ఎవరైనా ఏడిపిస్తున్నారేమో ఆరా తీయడం ముందే అయిపోవాలి. ఒంటరిగా ఆడుకోవడమే ఇష్టమైన పిల్లల జోలికి పోనక్కర్లేదు. ఆట చుట్టూ తిరుగుతూ, చేరతానని అడగలేక ఆగిపోయే పిల్లకే సాయం కావాలి.

అలాంటి పిల్ల బడిలో మాట్లాడేలా చేయడానికి బాగా పనిచేసే పద్ధతి ఒకటుంది. బడి వదిలాక ఖాళీ క్లాసులో అమ్మా పిల్లా ఓ 15 నిమిషాలు ఆడుకోవాలి. టీచర్ మొదట తలుపు బయటే ఉంటారు. పిల్ల మామూలుగా మాట్లాడుతుంటే మరో రోజు గుమ్మం దగ్గర ఏదో పని చూసుకుంటారు, ఆ తర్వాత అదే బల్ల దగ్గర కూర్చుంటారు. గొంతు తగ్గిందా, ఒక మెట్టు వెనక్కి. ఆటలో కలిశాక "ఎర్రదా, నీలందా?" అని అడగాలి. "ఎర్రది కావాలా?" అంటే తల ఊపి ఊరుకుంటుంది. అడిగాక మనసులో 5 అంకెలు లెక్కపెట్టాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే: ఆ నిశ్శబ్దం భరించలేక అమ్మే జవాబు చెప్పేస్తుంది. పిల్ల మాట్లాడినప్పుడు చప్పట్లు కొట్టకండి. అందరి కళ్లూ తన మీద పడటమే ఆ పిల్ల భయం. ధైర్యం వస్తుందని స్టేజీ ఎక్కించడం కూడా ఇలాంటి పొరపాటే.

తర్వాత అమ్మ మెల్లగా తప్పుకోవాలి, ఒక్క తోటి పిల్లని చేర్చాలి. సెలవు రోజున ఇంటికి పిలిచే పిల్లా, క్లాసులో పక్కన కూర్చునే పిల్లా ఒకరే అయితే పని సులువు.

ఇంటికీ బడికీ తిరిగే నోట్‌బుక్‌లో రోజూ రెండు లైన్లు చాలు: ఈరోజు ఎవరితో, ఎంత గట్టిగా. బడిలో గుసగుస మెట్టు మీదున్న పిల్లని ఇంట్లో చుట్టాల ముందు పద్యం చెప్పమంటే మళ్లీ ముడుచుకుపోతుంది. నెలలు గడిచినా కదలిక లేకపోతే పిల్లల సైకాలజిస్టుని కలవండి. క్లాసు మారేటప్పుడు ఆ నోట్‌బుక్ కొత్త టీచర్‌కి అందాలి, వీలైతే పాత టీచర్ ఉన్నప్పుడే పిల్లా, ఇద్దరు టీచర్లూ ఒకసారి కలిసి ఆడాలి.