64వ నంబరు ఊరికి

జార్జ్‌టౌన్‌లో స్టాబ్రోక్ మార్కెట్ దగ్గర మినీబస్సు ఎక్కి తూర్పు తీరం వెంట బయలుదేరినప్పుడు, దక్షిణ అమెరికాలోని గయానాలో నేను ముఖ్యంగా చూడదలచుకున్నది ఒక్క ఊరినే. దానికి పేరు లేదు, నంబరే ఉంది. కొరెంటైన్ తీరంలో తోటల కాలంనాటి అంకెలే నేటికీ చాలా గ్రామాలకు పేర్లు.

దారి పొడవునా కాలువలు, వరిచేలు, కొబ్బరిచెట్లు, సముద్రాన్ని ఆపే తూములు కనిపిస్తుంటే కోనసీమ గుర్తుకు వచ్చింది. 1838 నుంచి 1917 వరకు భారతదేశం నుంచి ఇక్కడి చెరకు తోటలకు తెచ్చిన కూలీలలో మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువారూ ఉన్నారు. తమిళులతో కలిపి వారందరినీ ఇక్కడ ‘మద్రాసీలు’ అనే పిలిచారు.

బెర్బీస్ నది మీద తేలే వంతెన దాటాక ఎన్నికల మాట ఎత్తితే, పక్క సీటులోని పెద్దాయన 1953 నుంచి మొదలుపెట్టారు. ఆ ఏడు గెలిచిన చెడ్డీ జగన్ ప్రభుత్వాన్ని బ్రిటిష్‌వారు 133 రోజులకే తొలగించారు. 1964లో ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతి తెచ్చాక, జగన్ పార్టీకే ఎక్కువ సీట్లు వచ్చినా, మరో పార్టీతో పొత్తు కుదుర్చుకున్న ప్రత్యర్థి ఫోర్బ్స్ బర్న్‌హామ్ గద్దెనెక్కారు. 1966లో స్వాతంత్ర్యం వచ్చింది. రెండేళ్లకే విదేశాల్లోని గయానీయుల పేరిట దొంగ ఓట్లు వచ్చిపడ్డాయి. మాంచెస్టర్‌లో ఒక ఓటరు చిరునామా వెతుక్కుంటూ వెళ్లిన బ్రిటిష్ టీవీ బృందానికి అక్కడ గడ్డి మేస్తున్న గుర్రాలు కనిపించాయట. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను.

64వ నంబరు ఊరి దగ్గర దిగాక మాత్రం మా ఇద్దరికీ నవ్వు రాలేదు. 1973 జూలై 16న పోలింగ్ ముగిశాక బ్యాలెట్ పెట్టెల వెంట తామూ వస్తామని జనం పట్టుబట్టినప్పుడు సైనికులు కాల్పులు జరిపారు. జగన్ రామెస్సర్, భోలానాథ్ పర్మానంద్ అనే ఇద్దరు చనిపోయారు. రిగ్గింగు అంటే మనకు బూత్‌లో జరిగేదిగానే తెలుసు. ఇక్కడ అసలు దొంగతనం బూత్‌కూ లెక్కింపు కేంద్రానికీ నడుమనున్న రోడ్డు మీద జరిగింది. పెట్టెలు జార్జ్‌టౌన్‌లోని అయంగన్నా సైనిక శిబిరం చేరాయి. బర్న్‌హామ్ పార్టీకి 53 సీట్లలో 37, అంటే రాజ్యాంగాన్ని మార్చడానికి చాలినంత బలం, దక్కింది.

అందుకే ప్రతిపక్షం ఏళ్ల తరబడి పోరాడింది చాలా చిన్నదిగా కనిపించే ఒక కోరిక కోసం: ఓటు ఎక్కడ వేస్తే అక్కడే లెక్కించాలి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మధ్యవర్తిత్వంతో, బర్న్‌హామ్ తర్వాత అధ్యక్షుడైన హ్యూ డెస్మండ్ హోయ్ట్ దానికి ఒప్పుకున్నాక, 1992 అక్టోబరు 5న జరిగిన ఎన్నికల్లో జగన్ గెలిచారు. దాంతో వ్యాధి కుదిరిందని చెప్పలేను. 2020 మార్చి 2న వేసిన ఓట్ల తుది ఫలితం, రాజధాని ఉన్న నాలుగో ప్రాంతపు అంకెల మీద రేగిన గొడవ, తిరిగి లెక్కింపు, కోర్టు వ్యాజ్యాల తర్వాత ఆగస్టు 2న గాని వెలువడలేదు.

పెట్టెలను ఎటు తీసుకుపోయారని పెద్దాయనను అడిగాను. ‘అదే రోడ్డు, బేటీ,’ అంటూ నేను వచ్చిన వైపు చూపించారు. జార్జ్‌టౌన్ వెళ్లే చివరి మినీబస్సు హారన్ కొడుతూ వచ్చింది.