ఝంప తాళం గండం గడిచింది

మొన్ననే కర్ణాటక సంగీతం సర్టిఫికెట్ పరీక్ష గట్టెక్కాను. యాభై దాటాక సరిగమలు మొదలుపెట్టేవారికి పనికొస్తుందని ఆ వేడి చల్లారకముందే రాస్తున్నాను.

మొదటి పాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు పెద్దగా ఏడిపించలేదు. అన్నీ మాయామాళవగౌళ రాగంలోనే, ఆది తాళంలోనే. మలహరి రాగంలోని గీతాలూ ఏడిపించలేదు. అసలు పరీక్ష సప్త తాళ అలంకారాల దగ్గర, అంటే ఏడు తాళాల్లో పాడే స్వర వరుసల దగ్గర, అందులోనూ ఝంప దగ్గర.

మిశ్రజాతి ఝంపకు ఏడక్షరాల (ఏడు లెక్కల) లఘువు, ఒక అనుద్రుతం (ఒక దెబ్బ), ఒక ద్రుతం (ఒక దెబ్బ, ఒక విసురు), మొత్తం పది అక్షరాలు. లఘువుకు ఒక దెబ్బ వేసి, చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా లెక్కించి, మళ్లీ చిటికెన వేలికి రావాలి. మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, 'సరిగసరిసరి గ మా' ఒక ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) చక్కగా సరిపోతుంది. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, ఒక్క ఆవర్తనంలో రెండు వరుసలు పట్టాలి. మొదటిది చూపుడు వేలితో ముగుస్తుంది, 'రిగమరిగరిగ' బొటనవేలి మీద ఎత్తుకోవాలి. కిందటేడు పరీక్షలో సరిగ్గా ఇదే అడిగారు. నా చేయి ఒక దారి, గొంతు ఒక దారి. "అమ్మా, తాళం వేస్తున్నారా, దోమలు తోలుతున్నారా?" అన్నారు పరీక్షకురాలు. వెనక వరుసలో పదేళ్ల పిల్లలు కిసుక్కుమన్నారు. చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ బయటపడ్డాను.

మా కాలనీలో నేర్పిన ఆవిడను ఇప్పటికీ క్షమించలేదు. వార్షికోత్సవంలో వేదిక నిండాలని అలంకారాలు రెండు వారాల్లో తేల్చేసి కీర్తనల్లోకి దూకించింది. ఫీజు మాత్రం మూడు నెలలది ముందే తీసుకుంది. అలాంటి చోట చేరకండి. ఫోనులో నేర్చుకుంటామనేవారికీ ఒక మాట: శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువుగారితో కలిసి తాళం వేయడం కుదరదు.

తరవాత దొరికిన మాస్టారు నన్ను కొన్నాళ్లు అసలు పాడనివ్వలేదు. 'తకిట తకధిమి' అంటూ ఏడు, ఆపైన మూడు. ఏ వరుస ఏ వేలి మీద మొదలవుతుందో ముందు చెప్పాలి, తరవాతే గొంతు విప్పాలి. మూడో కాలంలో, అంటే నాలుగు రెట్ల వేగంలో, రెండో వరుస ఉంగరపు వేలి లెక్క సగంలో ఎత్తుకోవాలి. అదీ పట్టుబడింది.

ఈసారి రెండో కాలం వినగానే "చాలమ్మా" అన్నారు. నేను ఊరుకుంటానా? మూడో కాలం కూడా పాడి వినిపించే లేచాను.