ఎయిర్ ఫ్రయ్యర్‌లో కరకరలాడే బంగాళాదుంపలు: విశాఖ ఉక్కలో నా ప్రయోగాల చిట్టా

మా ఇంట్లో ఉన్నది నాలుగు లీటర్ల బుట్టతో వచ్చిన 1400 వాట్ల ఎయిర్ ఫ్రయ్యర్. నాకు కావాల్సింది పైన పెళుసుగా, లోపల పిండిపిండిగా ఉండే దుంప. బాణలి నిండా నూనె పోయకుండా రావాలి, పప్పుచారు అన్నంలో నంజుకుని తినేదాకా ఆ కరకర నిలవాలి. విశాఖలో ఈ చివరి షరతే గట్టిది. వేయించిన అప్పడాన్ని కాసేపు బయట ఉంచితే మెత్తబడిపోయే ఊరు మనది. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ అమ్మేవాళ్లు మురీని మూత ఉన్న డబ్బాలో దాచి, అడిగినప్పుడే తీసి కలిపేది అందుకే.

పేరులో ఫ్రయ్యర్ అని ఉన్నా ఈ యంత్రం వేయించదు. పైన కాయిల్ వేడెక్కుతుంది, ఫ్యాన్ ఆ వేడిని కిందికి తోసి బుట్ట చుట్టూ తిప్పుతుంది. చిన్న సైజు ఓవెన్ అన్నమాట. 2010లో ఫిలిప్స్ ఈ పేరుతో మొదట అమ్మకానికి పెట్టింది. కాగే నూనెలో పడ్డ ముక్క మీది తడి క్షణాల్లో బుడగలై పోతుంది. వేడిగాలికి అంత జోరు లేదు. ముక్క మీద తడి ఉన్నంతసేపూ ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, ఈలోపు లోపలి భాగం ఉడికి ఎండిపోతుంది. కాబట్టి తడి సంగతి బుట్టలో వేయకముందే తేల్చాలి. ఈ చిట్టా అంతా తిరిగి తిరిగి ఆ మాట దగ్గరికే వస్తుంది.

ప్లగ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1400 వాట్లంటే 230 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లు. గోడకున్న చిన్న సాకెట్‌కి అదే హద్దు. ఫ్రిజ్‌కో గీజర్‌కో పెట్టించుకునే 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు.

ఫిబ్రవరి

ఎంవీపీ కాలనీ రైతుబజారులో కొత్త దుంపలు వచ్చాయి. "పాతవా, కొత్తవా?" అని అడిగితే అమ్మే ఆవిడ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "కొత్తవేనమ్మా, గోరెట్టి సూడండి, తొక్క లేసొచ్చేస్తాది." నిజంగానే వేలితో రాస్తే పొర లేచింది. కూరకి ఇవి చాలా రుచి. కాల్చడానికి మాత్రం పనికిరావు. కొత్త దుంపలో నీరెక్కువ, తొక్క ముదరలేదు. 200 డిగ్రీల దగ్గర ఉంచితే పైన ముడతలు పడ్డాయి గానీ పెళుసుదనం రాలేదు.

తొక్క ముదిరి, గోరుకి లేవకుండా, చేతిలో బరువుగా అనిపించేవి కావాలి. మనకి దుంపలు ఎక్కువగా ఉత్తరప్రదేశ్, బెంగాల్ వైపు నుంచి వస్తాయి. అక్కడ అక్టోబరు, నవంబరులో నాటి ఫిబ్రవరి, మార్చిలో తవ్వుతారు. తవ్వాక కొన్నాళ్లు ఆరనిచ్చినవి మార్చి చివరికి దొరుకుతాయి.

మార్చి, ఏప్రిల్

మొత్తం దుంప, తొక్కతో. 150 గ్రాములకి అటూ ఇటూగా ఉన్నవి ఏరుకున్నాను. మట్టి పోయేలా పీచుతో రుద్ది కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద ఓ అరగంట ఉంచాను. ఫోర్కుతో నాలుగైదు చోట్ల పొడిచి, దుంపకి అర చెంచా వేరుశనగ నూనె చేత్తో పట్టించి, పైన ఉప్పు చల్లాను. మూడు నిమిషాలు ముందుగా వేడెక్కించిన బుట్టలో 200 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు, సగంలో ఒకసారి తిప్పాలి. సన్నటి కత్తి దించితే ఎక్కడా అడ్డు తగలకుండా దిగాలి. థర్మామీటర్ ఉన్నవాళ్లకి గుర్తు: దుంప మధ్యలో 96 నుంచి 99 డిగ్రీలు. అంతకన్నా తక్కువలో తీస్తే ఉడికినట్టే ఉంటుంది గానీ పిండిపిండిగా విడదు.

బయటికి తీసిన వెంటనే పైన గాటు పెట్టి, రెండు వైపులా నొక్కి నోరు తెరవాలి. భుస్సుమని ఆవిరి పోతుంది. ఒకే వాయిలో తీసిన రెండిటిలో ఒకదాన్ని తెరిచి, ఇంకోదాన్ని అలాగే వదిలేశాను. మూత పెట్టిన గిన్నెలో ఉన్నట్టుగా లోపలి ఆవిరి అంతా తొక్కలోకే దిగి, రెండోదాని తొక్క పది నిమిషాల్లో తోలులా సాగింది. తెరిచినదాని తొక్క మాత్రం తినడం అయ్యేదాకా పటపటలాడింది. అందులో నెయ్యి, వెల్లుల్లి కారం వేసుకుంటే ఇంకేమీ అక్కర్లేదు.

అల్యూమినియం ఫాయిల్ చుట్టమని చాలామంది చెబుతారు. చుడితే ఆవిరి బయటికి పోదు, దుంప ఉడుకుతుంది. మెత్తటి తొక్క ఇష్టమైతే చుట్టండి.

మే

ముక్కల పని మొదలైంది. ఇక్కడే ఎక్కువ కాలం గడిపాను, ఇక్కడే ఎక్కువ నేర్చుకున్నాను.

అరకిలో దుంపలు, చెక్కు తీసి, అంగుళంన్నర ముక్కలు. లీటరున్నర నీళ్లు మరిగాక చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా వేసి ముక్కలు వేయాలి. సోడా నీళ్లలో దుంప కణాలను పట్టి ఉంచే పెక్టిన్ త్వరగా కరుగుతుంది, ముక్క అంచులు గుజ్జుగా విడిపోతాయి. మనకి కావాల్సింది ఆ గుజ్జే. కాల్చినప్పుడు పెళుసు పొర అయ్యేది అదే. నీళ్లలో వెనిగరో నిమ్మరసమో వేస్తే దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది, ముక్క బిగిసి నున్నగా ఉండిపోతుంది. సోడా పావు చెంచా దాటిస్తే సబ్బు రుచి వస్తుంది, కొలత జాగ్రత్త.

ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడకనిచ్చి, గంజి వార్చే సిబ్బిలో వంపి, అదే వేడి గిన్నెలోకి తిరిగి వేసి, పొయ్యి సన్నమంట మీద ఓ నిమిషం. తర్వాత మూతపెట్టి గిన్నెను రెండు చేతులతో పట్టుకుని నాలుగైదు సార్లు ఎగరేయాలి. మూత తీస్తే ముక్కల అంచులన్నీ గరుకుగా, పేస్టు పూసినట్టు కనిపిస్తాయి.

ఇక ఆరబెట్టడం. వెడల్పాటి పళ్లెంలో ముక్కకీ ముక్కకీ మధ్య సందు ఉండేలా పరిచాను. మొదట ఆవిరి తెరలు తెరలుగా లేస్తుంది. అది ఆగాక కూడా ముక్కలు నిగనిగలాడుతుంటాయి. ఆ నిగనిగ తడి. అది పోయి, పైన సున్నం వేసిన గోడలా తెల్లగా, మొద్దుగా కనిపించినప్పుడే ఆరినట్టు. మే నెల మధ్యాహ్నం, కిటికీలోంచి సముద్రపు గాలి వస్తుండగా, ఫ్యాన్ కింద గంట దాటినా ఆ తెలుపు సరిగ్గా రాలేదు. ఒంటి మీద చెమటే ఆరని గాలి, దుంప ముక్కను ఏం ఆరబెడుతుంది? అదే పళ్లెం ఏసీ గదిలో పెడితే అరగంటకే మారిపోయింది.

ఏసీ గదిలో దుంపల పళ్లెం పెట్టడం ఇంట్లో అందరికీ నచ్చే పని కాదు. కానీ అక్కడి నుంచే దారి దొరికింది.

జూలై, ఆగస్టు

వానాకాలంలో రెండు సంగతులు కలిసొచ్చాయి.

ఒకటి, దుంపే మారిపోయింది. ఇప్పుడు దొరికేవన్నీ కోల్డ్ స్టోరేజీ దుంపలు. మరీ చల్లటి చోట ఉంచితే దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అలాంటి దుంప కాలిస్తే లోపల ఉడక్కముందే పైన ముదురు గోధుమ రంగుకి వచ్చేస్తుంది, రుచి తియ్యగా, చివర్లో చేదుగా ఉంటుంది. కొన్న దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకుండా, గాలి ఆడే బుట్టలో, చీకటి మూలలో రెండు మూడు వారాలు ఉంచితే ఆ చక్కెర చాలావరకు తగ్గుతుంది. చిప్స్ కంపెనీల కోసం ఈ చక్కెర తక్కువగా ఉండే రకాలనే సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ తయారు చేసింది, కుఫ్రీ చిప్‌సోనా అని పేరు. రైతుబజారులో రకం పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు కాబట్టి మనకి మిగిలింది ఇంట్లో పరీక్షే.

ఆ పరీక్ష సులువు. లీటరు నీళ్లలో 120 గ్రాముల ఉప్పు బాగా కరిగించి దుంపను వదలాలి. మునిగితే పిండి ఎక్కువున్న దుంప, కాల్చడానికి మంచిది. తేలితే నీరెక్కువ, కూరకి పంపేయండి. ఈ నీళ్లు మన సముద్రపు నీటికి మూడింతలు మించిన ఉప్పన. ఒకే సంచీలో తేలేవీ మునిగేవీ రెండూ ఉంటాయి, అందుకే ఒకే వాయిలో కొన్ని ముక్కలు పెళుసుగా, కొన్ని మెత్తగా వచ్చేది.

రంగు విషయంలో ఇంకో మాట. ముదురు రంగు వచ్చేదాకా కాల్చకండి. పిండిపదార్థాలను 120 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చినా వేయించినా అక్రిలమైడ్ అనే హానికరమైన రసాయనం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. దుంపలో చక్కెర పెరిగినకొద్దీ, రంగు ముదిరినకొద్దీ అది పెరుగుతుంది. బంగారు రంగు దగ్గర ఆపేయడమే మంచిది, రుచికీ అదే సరైన చోటు.

రెండో సంగతి ఆరబెట్టడానికి చోటు. విశాఖ ఇంట్లో అన్నిటికన్నా పొడిగాలి ఉండేది ఫ్రిజ్‌లో. మూత లేకుండా పెట్టిన అన్నం తెల్లారేసరికి పైన గట్టిపడేది ఆ గాలికే. పచ్చి దుంపకి ఫ్రిజ్ పడదు గానీ ఉడికిన ముక్కకి అంతకన్నా మంచి చోటు లేదు. రాత్రి ఉడికించి, ఎగరేసి, ఆవిరి పోయాక, పళ్లెంలో మూత లేకుండా ఫ్రిజ్ పై అరలో పెట్టాను. పొద్దున్నకి ప్రతి ముక్క చుట్టూ పొడి తెల్ల పొర. వేలితో తాకితే అంటుకోలేదు. చల్లారాక పిండి కూడా బిగుసుకుంటుంది కాబట్టి ముక్క గట్టిపడింది, నూనె కలిపేటప్పుడు చితకలేదు.

బయట వాన దంచుతుంటే, అవే ముక్కలు 200 డిగ్రీల దగ్గర ఇరవై రెండు నిమిషాలు. ఎనిమిదో నిమిషం దాకా బుట్టను కదపకూడదు, పొర అప్పటికి గట్టిపడుతుంది. ఆ తర్వాత ఐదారు నిమిషాలకోసారి ఊపాలి. చివరిసారి ఊపినప్పుడు ముక్కలు గలగలమన్నాయి. ఆ చప్పుడు రాకపోతే ఇంకో మూడు నిమిషాలు ఉంచండి. గడియారం కన్నా అదే నమ్మకమైన గుర్తు.

అత్తయ్య రెండు ముక్కలు నోట్లో వేసుకుని, "అమ్మాయ్, పప్పుచారు అయ్యేదాకా వీటిని దాచు, లేకపోతే ఏమీ మిగలవు" అన్నారు.

అక్టోబరు

నూనె: అరకిలోకి ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు. సగానికి తగ్గిస్తే పొర పొడిపొడిగా, సుద్దలా ఉంటుంది. రెండు చెంచాలు వేస్తే అదనపు నూనె అడుగుకి కారిపోతుంది, కరకర ఏమీ పెరగదు. వేరుశనగ నూనె రుచి నాకు ఇష్టం. నెయ్యితో సువాసన ఇంకా బాగుంటుంది. డబ్బాల్లో వచ్చే స్ప్రే మాత్రం వద్దు. అందులోని లెసిథిన్ బుట్ట పూత మీద జిగురులా పట్టేసి వదలదు. చేత్తో కలపడమే మేలు.

పిండి: నూనె పట్టించాక రెండు చెంచాల బియ్యప్పిండి చల్లి కలిపితే పొర గట్టిగా, ఎక్కువసేపు నిలిచేలా వస్తుంది. బొంబాయి రవ్వ ఇంకా కరకరలాడుతుంది, కానీ సగం బుట్ట అడుగుకి రాలిపోతుంది. మొక్కజొన్న పిండి పొర పల్చన, త్వరగా మెత్తబడుతుంది. ఈ మూడింటిలో మన ఊరి గాలికి బియ్యప్పిండికే నా ఓటు.

కారం, ధనియాల పొడి, వెల్లుల్లి మొదట్లోనే వేస్తే మాడతాయి. ఆఖరి మూడు నిమిషాలకి ముందు వేయాలి. కరివేపాకు సంగతి వేరు. ఒట్టి ఆకు వేస్తే ఫ్యాన్ గాలికి ఎగిరి కాయిల్‌కి తగిలి కాలుతుంది. నూనె రాసి, ముక్కల కింద ఇరికించి, ఆఖరి రెండు నిమిషాలు ఉంచితే చాలు, గలగలలాడుతూ వస్తుంది. ఉప్పు వడ్డించే ముందు. ముందే చల్లితే అది తడిని పైకి లాగుతుంది.

ఒక వాయికి అరకిలో మించకండి. ముక్కలు ఒకే వరసలో ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే మధ్యలో ఆవిరి చిక్కుకుంటుంది. పదిమందికి కావాలంటే వాయిలు వాయిలుగా చేసి, చివర్లో అన్నీ కలిపి మూడు నిమిషాలు తిప్పేయడం నయం.

డిసెంబరు

గాలి పొడిబారింది. ఫ్యాన్ కింద అరగంటకే ముక్కలు తెల్లబడుతున్నాయి, ఫ్రిజ్ అవసరం తగ్గింది.

ఇప్పుడు చేస్తున్నది చిన్న దుంపలు, గోలీ కన్నా కాస్త పెద్దవి. తొక్కతోనే ఉప్పునీళ్లలో కత్తి దిగేదాకా ఉడికించి, ఆరాక, ఒక్కోదాన్ని గ్లాసు అడుగుతో మెల్లగా అదమాలి. విడిపోకూడదు, అంచులు చీలితే చాలు. ఆ చీలికలన్నీ పెళుసుగా మారతాయి. రెండు వైపులా నూనె రాసి 200 డిగ్రీల దగ్గర పద్దెనిమిది నిమిషాలు, పన్నెండో నిమిషంలో తిరగేసి. ఇంతవరకు చేసినవాటిలో తొక్క కరకర, అంచుల కరకర, లోపలి మెత్తదనం మూడూ ఒకేచోట దొరికింది వీటిలోనే.

తీశాక గిన్నెలో పోగుపోయకుండా జాలీ స్టాండు మీద పరుస్తున్నాను, కింద నుంచి కూడా గాలి తగలాలి. మూత అసలు వద్దు. మిగిలినవాటిని మర్నాడు 180 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు పెడితే కరకర తిరిగొస్తుంది, మైక్రోవేవ్‌లో పెడితే రాదు. వచ్చే వాయి చామదుంపలతో. జిగురు ఎక్కువ కాబట్టి ఉడికించి, తొక్క తీసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఆరనిచ్చి, వాము, బియ్యప్పిండి పట్టించి చూస్తాను.