అవతలి వాళ్ల కాగితం

2025 జులై 17, గురువారం

పొద్దున అమ్మ నా బ్యాగులో స్టీలు డబ్బా పెట్టింది. సున్నుండలు. "ఆ ఆఫీసుల్లో కుర్రపిల్లలు ఎప్పుడు చూసినా పిజ్జాలే తింటారంటావుగా, తలా ఒకటి ఇవ్వు" అంది. ఇవ్వకూడదమ్మా, నేను లాబీయిస్టుని, క్లయింటుల తరఫున అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) ఆఫీసుల్లో చట్టాల గురించి మాట్లాడేదాన్ని అని ఎన్నోసారో చెప్పాను. కూర్చుని తినే భోజనం కొనిపెట్టకూడదు, రిసెప్షన్‌లో నించుని తినే చిరుతిండి అయితే పర్లేదు, ఇక్కడ దాన్ని టూత్‌పిక్ రూల్ అంటారు అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "అంటే కూర్చుంటే లంచం, నించుంటే కాదా?" అంది.

వాషింగ్టన్ లాయర్లు గంటల లెక్కన ఫీజు తీసుకుని జవాబు చెప్పే ప్రశ్న అది. డబ్బా మాత్రం బ్యాగులోనే ఉండిపోయింది. ఇవాళ్టి గొడవకంతా మూలం ఆ డబ్బానే.

హెర్న్‌డన్‌లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కి క్యాపిటల్ సౌత్ స్టేషన్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర. ఉక్కపోత. ఎస్కలేటర్ పైన పక్కకి జరిగి స్నీకర్లు విప్పి ఆఫీసు చెప్పులు వేసుకున్నాను. జులై కాబట్టి ఎటు చూసినా ఇంటర్న్‌లే. మెడలో బ్యాడ్జీ, ఒంటికి కొంచెం వదులైన కోటు. 2002లో నేనూ అంతే. ఒక కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో ఫోన్లు ఎత్తడం, ఉత్తరాలు విప్పడం నా పని. 2001లో ఎవరో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ క్రిములు పెట్టి పంపిన గొడవ తర్వాత ఉత్తరాలన్నీ రేడియేషన్ పెట్టి పంపేవాళ్లు. వారాల తర్వాత వచ్చేవి, పసుపు రంగుకి తిరిగి, అప్పడాల్లా పెళుసుగా. విప్పితే మడత దగ్గర విరిగేవి. ఎవరో పెద్దావిడ పెన్షన్ గురించి వణికే చేత్తో రాసిన ఉత్తరాన్ని టేపు వేసి అతికించి చదివిన రోజులు ఉన్నాయి.

మా క్లయింటుల్లో పల్లెటూరి ఆసుపత్రుల సంఘం ఒకటి ఉంది. 2020 మార్చిలో, కరోనా మొదట్లో, మెడికేర్ (పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లు ఇంట్లోంచే వీడియోలో డాక్టరుకు చూపించుకోవచ్చని సడలింపు ఇచ్చారు. అంతకు ముందు సాధారణంగా ఏదో ఒక క్లినిక్‌కి వెళ్లి అక్కడి స్క్రీను ముందు కూర్చుంటేనే మెడికేర్ డబ్బులిచ్చేది. ఆ సడలింపును శాశ్వతం చేద్దామంటే రెండు పార్టీల్లోనూ తలలూపేవాళ్లే ఎక్కువ. ఖర్చు మాట రాగానే ఆ తలలు ఆగిపోతాయి. అందుకే అద్దె ఇంటి అగ్రిమెంటులా కొన్నాళ్లు, మళ్లీ కొన్నాళ్లు అని పొడిగిస్తూ వస్తున్నారు. ఈసారి గడువు సెప్టెంబరు 30.

మామూలు నెలలో ఇది తేలికైన పనే. కానీ ఈ నెల 4న పన్నులూ ఖర్చులూ అన్నీ కలిపిన ఆ పెద్ద బిల్లు మీద ట్రంప్ సంతకం పడింది. పై సభ సెనేట్‌లో ఉపాధ్యక్షుడి ఓటుతో 51-50, కింది సభ హౌస్‌లో 218-214. అందులో మెడికెయిడ్‌కు, అంటే పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమాకు, కోత ఉంది. పల్లె ఆసుపత్రుల కోసమని ఐదేళ్లకు 5,000 కోట్ల డాలర్ల నిధి కూడా ఉంది. ఒక పార్టీ వాళ్లు నిధి గురించే మాట్లాడతారు, రెండో పార్టీ వాళ్లు కోత గురించే. మా ఆసుపత్రుల వాళ్లకి రెండూ నిజమే. అందుకని రెండు కాగితాలు తయారుచేశాం. రిపబ్లికన్ ఆఫీసులకిచ్చే కాగితంలో మొదటి పేరా నిధికి కృతజ్ఞతలు. డెమొక్రాట్లకిచ్చే దాంట్లో మొదటి పేరా, ఈ కోతతో కాన్పుల వార్డులు మూతపడతాయేమోనన్న భయం. కింద మూడు పేరాలూ ఒకటే.

పదకొండున్నరకు లాంగ్‌వర్త్ భవనంలో డెమొక్రాట్ ఆఫీసు. అక్కడ గదులు ఇరుకు, సగం మీటింగులు కారిడార్‌లో గోడకానుకునే జరుగుతాయి. వచ్చినామె ఆ ఆఫీసులో చట్టాల పనంతా చూస్తుంది. 2011లో నేను మొదటిసారి చూసినప్పుడు ఇంకో ఆఫీసులో ఫోన్లు ఎత్తేది. పదిహేను నిమిషాలే ఉన్నాయంది. కాగితం తీసి ఇచ్చాను.

చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. "ఇది నాకోసం రాసింది కాదనుకుంటా" అంది.

డబ్బా బరువుకి బ్యాగులో ఫోల్డర్లు కిందామీదా అయ్యాయి. గొంతు తడారిపోయింది. ప్రింటు తీసిన కుర్రాడి మీద తోసేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. "అవును, అది అవతలి వాళ్ల కాగితం. మీది ఇదిగో" అని రెండోది కూడా ఇచ్చాను.

ఆమె రెండింటినీ పక్కపక్కన గోడకి ఆనించి పట్టుకుని, పెన్ను తీసి లైను లైనుకీ దిగింది. అంకె కనిపించిన చోటల్లా ఆగి, పక్క కాగితంలో అదే అంకె వెతికి, చిన్న టిక్కు పెట్టుకుంటూ పోయింది. ఇంటర్న్‌లు మమ్మల్ని తప్పించుకుని వెళ్తున్నారు. నాకు పదో తరగతి పేపరు దిద్దించుకుంటున్నట్టుంది. చివరికి, "లెక్కలు ఒకటే" అంది. "మొదటి పేరాలు రెండూ ఎదురుపడితే సిగ్గుపడతాయి, అంతే." తర్వాత, రెండూ ఉంచుకోనా అంది. ఉంచుకోండి అన్నాను. ఇంకేమంటాను?

కింద కెఫెటీరియాలో ఒక్కదాన్నే కూర్చుని సూపు తాగాను. టీవీలో సభ నడుస్తోంది. నిన్న ఒకే ఓటు తొమ్మిది గంటలకు పైగా తెరిచి ఉంచారు, మెజారిటీ పార్టీ వాళ్లలోనే ఎటూ తేలక. ఇవాళేమో స్టేబుల్‌కాయిన్ (డాలరు లాంటి వాటి విలువకి ముడిపెట్టిన డిజిటల్ నాణెం) బిల్లుకి రెండు వైపుల నుంచీ ఓట్లు పడి 308-122తో నెగ్గింది. ఇవి రెండూ ఒకే సభ, ఒకే వారం. ఈ ఊళ్లో పార్టీలు కలిసి పనిచేయవన్నా, చేస్తాయన్నా నేను వాదించడం మానేసి చాలాకాలమైంది.

నాకీ అలవాటు ఉద్యోగంలో వచ్చింది కాదేమో. తెనాలి దగ్గర మా ఊళ్లో తాతయ్య కాంగ్రెస్, చిన్న తాతయ్య తెలుగుదేశం. 1989 ఎన్నికలప్పుడు నాకు పదేళ్లు. అరుగు మీద ఈ చివర ఒకళ్లు, ఆ చివర ఒకళ్లు. నాయనమ్మ ఒకే కాఫీ గిన్నెతో అటూ ఇటూ తిరిగేది. ఇక్కడి మాట అక్కడ చెప్పేది కాదు. పంచదార మాత్రం ఎవరికెంతో తెలుసు.

ఈ సంస్థలో చేరింది 2009లో. అధ్యక్షుడు, రెండు సభలూ డెమొక్రాట్లవే. ఇంక రిపబ్లికన్లతో పనేముందని మాలాంటి లాబీయిస్టులు చాలామంది అనుకున్నారు. మరుసటి ఏడు నవంబరులో హౌస్ చేతులు మారింది. ఒకే పార్టీని నమ్ముకున్న పక్క ఆఫీసులో ఫోను మోగడం తగ్గింది. మాకు మాత్రం మా సంస్థ పెద్దాయన మరో పని పెట్టారు. గెలిచినవాళ్లకి కాదు, ఓడినవాళ్ల స్టాఫ్‌కి ముందు ఫోన్ చేయమన్నారు, వాళ్లకి ఉద్యోగాలు పోయాయి కనుక. ఆ తర్వాత 2018లో ఒకసారి, 2022లో ఒకసారి అటూ ఇటూ అయింది. ఫోన్ చేసినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు, కొందరు పెద్ద కుర్చీల్లోకి.

ఈ పనిలో నాకు నచ్చనిది నాయకుల ఎన్నికల చందాల బ్రేక్‌ఫాస్టులు. పొద్దున ఎనిమిదింటికి గుడ్లు, చెక్కు, కరచాలనం. ఆ చందాలన్నీ జులై 30లోపు ఒక రిపోర్టులో రాయాలి. రాసేటప్పుడు ప్రతిసారీ ఇబ్బందిగానే ఉంటుంది.

మూడింటికి ఆఫీసుకెళ్లి పెద్దాయనకి జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "రెండు కాగితాలుండొచ్చు, రెండు లెక్కలుండకూడదు. ఉన్నాయా?" అన్నారు. లేవన్నాను. "అయితే డెమొక్రాట్ల కాగితం రిపబ్లికన్ ఆఫీసులకి నువ్వే పంపు. ఇవాళే. వేరేవాళ్ల చేతుల మీదుగా వెళ్లేలోపు."

రాత్రి భోజనాల దగ్గర యాష్‌బర్న్ నుంచి నాన్న స్నేహితుడి ఫోన్. "అమ్మా, నువ్వు ఉండేది వాషింగ్టన్‌లోనేగా, ఆ గ్రీన్ కార్డు సంగతేదో చూడరాదూ? మావాడు క్యూలో నించుని పన్నెండేళ్లయింది." ఉద్యోగాల మీదిచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదన్న పరిమితి తీసేసే బిల్లు 2019 జులైలో హౌస్‌లో 365-65తో నెగ్గింది బాబాయిగారూ అన్నాను. మరి రాలేదేం అన్నారు. సెనేట్ 2020 డిసెంబరులో మార్పులతో పాస్ చేసింది, రెండూ కలిసేలోపు ఆ కాంగ్రెస్ గడువే అయిపోయింది అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాలుగు వందల ముప్పై మందిలో మూడు వందల అరవై ఐదు మంది ఒప్పుకున్నా రాదన్నమాట" అన్నారు. పైరవీ తెలిసిన పిల్ల అయ్యుండీ సాయం చేయట్లేదని అనుకున్నారేమో. పైరవీ అన్న మాటకి మన భాషలో మర్యాదైన పర్యాయపదం ఇప్పటికీ దొరకలేదు నాకు.

అమ్మ పడుకున్నాక మూడు నెలలకోసారి ఇచ్చే లాబీయింగ్ రిపోర్టు పూర్తిచేశాను. గడువు తేదీ 20 ఆదివారం కాబట్టి సోమవారం దాకా టైముంది, అయినా టెన్షన్. ఫీజు దగ్గర్లోని పది వేల డాలర్లకు సరిచేసి రాయాలి. ఆ ఫారం ఏ సభను కలిశామో అడుగుతుంది, ఏ పార్టీ అని అడగదు.

ఆఖరికి ఆ మెయిల్. రిపబ్లికన్ ఆఫీసులో మేం పొద్దునే కాగితం ఇచ్చొచ్చిన అతనికి, రెండో కాగితం జతచేసి, "డెమొక్రాట్ ఆఫీసులకు ఇస్తున్నది ఇది. మొదటి పేరా మీకు నచ్చదు. మీకు నా దగ్గర్నుంచే తెలియాలని పంపుతున్నాను" అని రాశాను. మూడుసార్లు చెరిపి, నాలుగోసారి పంపాను. వంటింట్లో నించుని ఒక సున్నుండ తిన్నాను.

పది నలభైకి జవాబొచ్చింది. "మధ్యాహ్నమే ఆమె నాకు చూపించింది. సెప్టెంబరు గురించి ముగ్గురం సోమవారం మాట్లాడదాం."